కాలిన్స్‌ని చూసి నవ్వాం సరే, మరి షార్లెట్ సంగతి?

ఇవాళ్టి నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’. జేన్ ఆస్టిన్ రాసింది, 1813లో అచ్చయింది. అందరూ డార్సీ, ఎలిజబెత్‌ల లవ్ స్టోరీ గురించే చెప్తారు. నేను మాత్రం ఒక పెళ్లి ప్రపోజల్ గురించి చెప్తాను.

బెన్నెట్ గారికి ఐదుగురు కూతుళ్లు, కొడుకు లేడు. ఆస్తి మగవారసుడికే పోవాలని రాసిపెట్టి ఉంది. అంటే ఆయన పోతే ఇల్లు, ఎస్టేట్ అన్నీ బంధువు కాలిన్స్‌కే. ఈ కాలిన్స్ ఒక చర్చిలో పాస్టర్. తనకి ఆ ఉద్యోగమిచ్చిన లేడీ కాథరిన్ పేరు తలవకుండా నాలుగు మాటలు మాట్లాడలేడు.

ఆయన ఎలిజబెత్‌కి ప్రపోజ్ చేస్తూ, పెళ్లెందుకో ఒకటి, రెండు, మూడు అని కారణాలు లెక్కపెడతాడు. మూడోది ఏంటో తెలుసా? లేడీ కాథరిన్ చేసుకోమంది! ఎలిజబెత్ వద్దంటే, ఆడపిల్లలు మొదట అలాగే అంటార్లే అనుకుంటాడు. ఆస్టిన్ ఎక్కువగా ఆయన్నే మాట్లాడనిస్తుంది. ఆ మాటలే ఆయన పరువు తీస్తాయి. సెటైర్ అంటే ఇదీ.

ఇక్కడిదాకా నవ్వుకున్నాం. మూడు రోజుల్లోనే అదే కాలిన్స్‌కి ఎలిజబెత్ ప్రాణస్నేహితురాలు షార్లెట్ సరే అంటుంది. ఆమెకి 27 ఏళ్లు. డబ్బు లేదు, తెలివి మాత్రం ఉంది. ఆయన ఎలాంటివాడో తెలిసే చేసుకుంది. ఆ రోజుల్లో ఆస్తిలేని చదువుకున్న అమ్మాయికి గౌరవంగా బతికే దారి దాదాపు పెళ్లొక్కటే మరి.

తర్వాత ఎలిజబెత్ వాళ్లింటికి వెళ్తుంది. షార్లెట్ ఎప్పుడూ వెనక గదిలోనే కూర్చుంటుంది. ముందున్న మంచి గదిలో కూర్చుంటే భర్త అస్తమానం అక్కడికే వచ్చేస్తాడు! తోటపని ఆరోగ్యానికి మంచిదని ఆయన్ని తోటలోకి పంపిస్తుంటుంది. చదువుతుంటే నవ్వొస్తుంది. ఆ వెంటనే మనసు చివుక్కుమంటుంది.

గమనించారా, ఇక్కడ మంచమ్మాయి, చెడ్డమ్మాయి అని లేరు. ఇద్దరూ తెలివైనవాళ్లే. ప్రశ్న ఒకటే, జవాబులే వేరు. పక్కన షార్లెట్ ఉండబట్టే ఎలిజబెత్ చెప్పిన ‘వద్దు’ ఎంత ఖరీదైనదో మనకి తెలుస్తుంది. కాలిన్స్ మీద మొదలైన వెక్కిరింత, ఆడపిల్లల్ని అలా మూలకి నెట్టిన ఆస్తి రూల్స్ మీదకి తిరుగుతుంది.

చివరగా ఒక్క మాట. 1802 డిసెంబర్‌లో ఆస్టిన్‌కి కూడా ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి పెద్ద ఎస్టేట్‌కి వారసుడు. రాత్రి సరే అంది, తెల్లారేసరికి వద్దంది. ఆ తర్వాత పెళ్లే చేసుకోలేదు. అప్పటికి ఆమెకి 27 నిండబోతున్నాయి. అంటే షార్లెట్ వయసే!

కాబట్టి షార్లెట్‌ని తప్పుపట్టే ముందు ఒక్కసారి ఆలోచించండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.