బ్రిటన్ సంబంధాలు – పే స్లిప్పులు

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మాస్టారూ, ప్రతి ఏడూ విద్య గురించే చెప్తున్నారు. ఈసారి మీ చెల్లెలి వీసా సంగతి చెప్పండి" అన్నారు. ఇంటి విషయం సభలో చెప్పుకోవడం నాకు బిడియమే. నేను ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకునేవాణ్ణి, వకీలును కాను. అయితే మా వీధిలోనే ఇద్దరు ఆడపిల్లలకు బ్రిటన్ సంబంధాలు కుదురుతున్నాయి. మేము పడిన తిప్పలు వారు పడకుండా ఉంటే అదే చాలుననుకొని ఒప్పుకున్నాను. చెల్లెలి అనుమతి తీసుకునే ఈ మాటలు చెప్తున్నాను.

మన కడప జిల్లావారికి కువైట్ కొట్టిన పిండి. ఎవరింట్లో చూసినా కువైట్ వెళ్లినవాడు ఒకడుంటాడు. కఫీల్ అంటే ఏమిటో, అకామా అంటే ఏమిటో చదువురాని ముసలమ్మ కూడా చెప్తుంది. అక్కడికి వెళ్లేవాడు పనికోసం వెళ్తాడు, నాలుగు డబ్బులు కూడబెట్టుకొని తిరిగి వస్తాడు. బ్రిటన్ సంబంధం అలాంటిది కాదు. అల్లుడు ఆ దేశపు పౌరుడు, పిల్ల శాశ్వతంగా కాపురానికి వెళ్తుంది. "అతను అక్కడివాడే కదా, ఇక మనకేం భయం" అని మనం నిశ్చింతగా ఉంటాం. మేమూ అలాగే ఉన్నాం. అక్కడే పొరబడ్డాం.

ఆ పౌరుడి భార్యకు మొదట ఇచ్చేది 33 నెలల వీసా మాత్రమే. అది అయిపోకముందే అక్కడే ఉండి మరో 30 నెలలకు పొడిగింపు కోరాలి. అయిదేళ్లు నిండాక స్థిరనివాసం. ఈ మూడు మెట్ల దగ్గరా ఒకటే ప్రశ్న: మీ సంసారం గడవడానికి ఆదాయం ఉందా, ఉంటే రుజువు ఏది?

2012 జూలై 9 నుంచి ఆ దేశంలో ఏడాదికి 18,600 పౌండ్ల నిబంధన పెట్టారు. పన్ను కోత పడకముందు లెక్క అది. నెలకు 1,550 అన్నమాట. 2024 ఏప్రిల్ 11 నుంచి కొత్తగా ఈ దారిలో వచ్చేవారికి అది 29,000 అయింది. అంటే నెలకు 2,416 పౌండ్లు దాటాలి. అంతకుముందే భార్య వీసా మీద వెళ్లి, అదే భర్తతో కాపురం చేస్తున్నవారికి పొడిగింపులో పాత 18,600 లెక్కే. ఈ నిబంధన అన్యాయమని కొందరు కోర్టుకు వెళ్లారు. 2017 ఫిబ్రవరి 22న అక్కడి సుప్రీం కోర్టు, ఆదాయ నిబంధన పెట్టడం చెల్లుతుంది గానీ పిల్లల క్షేమాన్ని ప్రభుత్వం సరిగా పట్టించుకోలేదని తీర్పు చెప్పింది. కాబట్టి నిబంధన నిలిచింది, మన తిప్పలూ నిలిచాయి.

ఇక మా సంగతి. చెల్లెలు 2021 ఆగస్టులో లెస్టర్ నగరానికి వెళ్లింది. అప్పుడు ఆమె భర్త ఒక గోడౌనులో పనిచేసేవాడు. జీతమంతా బ్యాంకులో పడేది, స్లిప్పులు సక్రమంగా ఉండేవి, వీసా తేలికగా వచ్చింది. 2023 జూన్‌లో ఆ పని మాని, తెలిసినవారి హోటల్లో చేరాడు. మనిషి మంచివాడు, కష్టజీవి. రోజంతా పనిచేసేవాడు. కాని ఆ హోటలు యజమాని నెలకు 900 పౌండ్లు స్లిప్పు మీద చూపి, తక్కిన డబ్బు చేతికి ఇచ్చేవాడు. చేతికి వచ్చే డబ్బు ఇంటి ఖర్చుకు బాగానే ఉంటుంది. అద్దె కట్టవచ్చు, పప్పూ బియ్యం తెచ్చుకోవచ్చు. వీసా ఆఫీసు ముందు మాత్రం అది లేనట్టే. స్లిప్పులో లేని డబ్బును ఆదాయమని చెప్పబోతే, పన్ను ఎందుకు కట్టలేదని ఇంకో చిక్కు వస్తుంది.

900 ను పన్నెండుతో గుణిస్తే 10,800. కావలసింది 18,600. తక్కువ పడింది 7,800.

ఈ మాట వినగానే మా అబ్బాజాన్, "ఇంటి పక్క స్థలం అమ్మి పంపుదాం" అన్నారు. తండ్రి మనసు అది. నేను కూర్చొని లెక్క వేశాను. పొదుపు చూపించి లోటు పూడ్చుకోవచ్చు, నిజమే. కాని అక్కడి సూత్రం ఏమిటంటే, మొదటి 16,000 పౌండ్లు లెక్కలోకే రావు. ఆపైన, ఎంత తక్కువ పడిందో దానికి రెండున్నర రెట్లు ఉండాలి. 7,800 కు రెండున్నర రెట్లు 19,500. దానికి 16,000 కలిపితే 35,500 పౌండ్లు. ఆ డబ్బు వాళ్ల పేరు మీద ఆరు నెలలు కదలకుండా ఉండాలి. మా స్థలం ఎంత పలుకుతుందో మీకందరికీ తెలుసు, రెండుసార్లు అమ్మినా సరిపోదు. ఇప్పుడు కొత్తగా వెళ్లేవారు ఒట్టి పొదుపు మీదే 29,000 లెక్క దాటాలంటే 88,500 పౌండ్లు ఉండాలి. మన డబ్బులో కోటికి అటూ ఇటూ. మామగారు నెలనెలా సాయం పంపుతానని కాగితం రాసిచ్చినా మామూలుగా దాన్ని లెక్కలోకి తీసుకోరు.

మరి దారి ఏమిటి? దారి మా చెల్లెలి చేతిలోనే ఉంది, మాకు తెలియలేదు. మొదటి వీసాకు ఇక్కడినుంచి దరఖాస్తు పెట్టేటప్పుడు ఆమె సంపాదన లెక్కకు రాదు, భర్తది మాత్రమే చూస్తారు. అక్కడికి వెళ్లాక భార్యకు పని చేసుకునే హక్కు ఉంటుంది. పొడిగింపు నాటికి ఆలుమగల ఇద్దరి జీతాలూ కలుపుకోవచ్చు. 2023 సెప్టెంబరులో ఆమె ఒక బడి వంటశాలలో పనికి చేరింది. నెలకు 700. 900 కు 700 కలిపితే 1,600, ఏడాదికి 19,200. గట్టెక్కినట్టే!

ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి. పనిలో చేరిన కొత్తలో ఆమె నాకు ఫోను చేసి, "భాయీజాన్, నా పేరున బ్యాంకు ఖాతా తెరవమంటారా?" అని అడిగింది. అత్తవారింట్లో, "ఖాతా ఒకటుంది కదా, చాలు" అన్నారట. నేనూ పెద్దరికంగా, "నీకెందుకమ్మా వేరే ఖాతా, ఇంటి డబ్బు ఒకచోట ఉంటేనే బరకత్" అన్నాను. సెప్టెంబరు, అక్టోబరు జీతాలు ఆమె భర్త ఒక్కడి పేరున ఉన్న ఖాతాలో పడ్డాయి.

నిబంధన ఏమంటుందంటే, ఎవరి జీతం వారి సొంత పేరున్న ఖాతాలో గాని, ఆలుమగల ఇద్దరి పేర్లూ ఉన్న జాయింటు ఖాతాలో గాని పడాలి. ఒకే యజమాని దగ్గర ఆరు నెలల పే స్లిప్పులు, అవే ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, స్లిప్పులో ఉన్న మొత్తం స్టేట్‌మెంటులో కనబడాలి. దానితోపాటు యజమాని ఇచ్చే ఉత్తరం – ఎప్పటినుంచి పని, ఏ పని, జీతమెంత, ఆ జీతం ఎన్నాళ్లుగా ఇస్తున్నారు అని. ఈ మూడూ ఒకదానితో ఒకటి సరిపోవాలి, మన పే బిల్లూ ట్రెజరీ లెక్కా సరిపోయినట్టు. పైగా ఆ కాగితాలు పాతవి కారాదు. దరఖాస్తు నాటికి చివరి స్లిప్పు 28 రోజుల లోపుది కావాలి.

ఈ సంగతి చెప్పింది ఆ వంటశాలలోనే పనిచేసే ఒక గుజరాతీ ఆవిడ. తాను ఆ దారిన నడిచి వచ్చినావిడ. "నీ జీతం నీ ఖాతాలో పడకపోతే నీది కాదు" అందట. మర్నాడే చెల్లెలు ఖాతా తెరిచింది. నవంబరు జీతం దానిలో పడింది. అప్పటికి రెండు నెలలు పోయినట్టే.

ఇంతలో 2023 డిసెంబరు 4న ఆ ప్రభుత్వం ఈ ఆదాయాన్ని 38,700 చేస్తామని ప్రకటించింది. ఇప్పటికే అక్కడున్నవారి సంగతి ఏమిటో ఆ రోజు స్పష్టంగా చెప్పలేదు. చెల్లెలు ఫోనులో ఒకటే ఏడుపు. డిసెంబరు 21న, పెంపు అంచెలంచెలుగా ఉంటుందనీ, ముందే వచ్చినవారికి పాత లెక్కేననీ తెలిసింది. ఆ పదిహేడు రోజులు మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. 29,000 పైన చెప్పిన మెట్లను 2024లో వచ్చిన కొత్త ప్రభుత్వం నిలిపివేసింది. నిబంధనలు ఇలా మారుతుంటాయి గనుక దరఖాస్తు పెట్టే నాటి నిబంధన చూసుకోవాలి, నేనీవేళ చెప్పిందే వేదవాక్కు అనుకోకండి.

తక్కిన కాగితాలు అంత కష్టం కాలేదు. నికాహ్‌నామా ఉర్దూలో ఉంది గనుక ఇంగ్లీషు తర్జుమా ముందే చేయించి ఉంచాం. కలిసి ఉంటున్నట్టు ఇద్దరి పేర్లా వచ్చిన ఉత్తరాలు చూపారు. బిడ్డ పుట్టాడు, తండ్రినిబట్టి వాడు బ్రిటిష్ పౌరుడే గనుక వాడికోసం అదనపు ఆదాయం చూపనక్కరలేదు. ఇంగ్లీషులో ఏ2 స్థాయి పరీక్ష ఉంటుంది, మాట్లాడటం, వినడం. ఉర్దూ మీడియంలో చదివిన పిల్ల మొదటిసారికే గట్టెక్కింది. ఉర్దూ మీడియం పిల్లలకు ఇంగ్లీషు రాదనేవారు ఈ సభలోనే కొందరున్నారు, వారికోసం ఈ మాట చెప్పాను.

హోటలు యజమాని ఉత్తరం దగ్గర మాత్రం నానా యాతన అయింది. ఇస్తానంటాడు, ఇవ్వడు. చేతికిచ్చే డబ్బు సంగతి బయటపడుతుందని ఆయన భయం. నెల రోజులు తిరిగితే, స్లిప్పులో ఉన్న 900 వరకు రాసిచ్చాడు.

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆరు స్లిప్పులు పూర్తయ్యాక, వీసా గడువు ఇంకా పది రోజులుందనగా 2024 మే నెలలో దరఖాస్తు పెట్టారు. ఫీజు వెయ్యి పౌండ్లకు పైన. అదిగాక వైద్యం కింద ఏడాదికి 1,035 చొప్పున రెండున్నరేళ్లకు 2,587 పౌండ్ల 50 పెన్నీలు. తొందరగా తేల్చే పద్ధతి ఒకటుంది, దానికి మళ్లీ అదనం. అప్పటికే అప్పు చేశారు, ఆ మాట ఎత్తలేదు.

గడువులోపల దరఖాస్తు పెడితే జవాబు వచ్చేదాకా అక్కడ ఉండవచ్చు, పని చేసుకోవచ్చు. దేశం దాటి మాత్రం పోకూడదు. పాస్‌పోర్టు చేతిలోనే ఉంటుంది, టికెట్టు కొంటే ఎవరూ ఆపరు. కాని బయటికి వెళ్లిందంటే దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టే లెక్క. మళ్లీ ఇక్కడినుంచి మొదలుపెట్టాలి.

జూన్‌లో అబ్బాజాన్‌కు గుండెపోటు వచ్చింది. మూడు రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. రెండో రాత్రి చెల్లెలు ఫోను చేసి, "భాయీజాన్, వచ్చేయనా?" అంది. బిడ్డ అక్కడ, మగడు అక్కడ, కాగితం ఆఫీసులో. నేను "వద్దమ్మా" అన్నాను. మూడో రోజు ఫజర్ వేళ అబ్బాజాన్ పోయారు. ఫోను పట్టుకొని ముఖం చూపించాం. జనాజా నమాజు ఆమె ఫోనులో విన్నది.

మంజూరు జూలై ఆఖరున వచ్చింది. ఆగస్టులో బిడ్డనెత్తుకొని వచ్చి, అబ్బాజాన్ మంచం మీద చాలాసేపు కూర్చుంది. నన్ను ఒక్క మాట అనలేదు.

తరువాత నేను వద్దనుకుంటూనే లెక్క వేశాను. సెప్టెంబరు నుంచే ఖాతా ఆమె పేరున ఉండి ఉంటే ఫిబ్రవరికి ఆరు స్లిప్పులు అయ్యేవి. మార్చిలో దరఖాస్తు పడేది. ఆదాయం, ఇంగ్లీషు సరిగా ఉన్న దరఖాస్తులు తేల్చడానికి వాళ్లు పెట్టుకున్న గడువు ఎనిమిది వారాలు. జూన్ నాటికి ఆమె చేతిలో మంజూరు ఉండేది.

అందుచేత ఆడపిల్లల తండ్రులను, అన్నలను నేను కోరేది ఒకటే. పిల్ల విమానం దిగిన నెలలోనే ఆమె పేరున ఖాతా తెరిపించండి. అత్తవారు నొచ్చుకుంటారని వెనకాడకండి, జాయింటు ఖాతా అయినా సరే, పేరు ఉండాలి. పని దొరికితే చేయనివ్వండి. పే స్లిప్పులూ స్టేట్‌మెంట్లూ ఆమె కూడా ఒక కాపీ దాచుకోవాలి. కాగితాలన్నీ ఒక్కరి చేతిలో ఉంటే ఎంత ప్రమాదమో నేను విప్పి చెప్పనక్కరలేదు. భర్త కొట్టి హింసించి కాపురం చెడితే, "వీసా రద్దు చేయిస్తా" అని బెదిరిస్తే, ఆమెకు అక్కడ వేరే చట్టపు దారి ఉంది. భార్య వీసా మీద ఉన్న ఆడది హింస వల్ల విడిపోతే స్థిరనివాసానికి తానే దరఖాస్తు పెట్టుకోవచ్చు, దానికి ఈ ఆదాయపు లెక్క లేదు. ఈ మాట పిల్లకు చెప్పి పంపండి.

నిశ్చితార్థం ముందు కూడా ఒక పని ఉంది. మెహర్ ఎంతో నిండు సభలో గట్టిగా చదివిస్తాం. అల్లుడి జీతం మాత్రం గొంతు తగ్గించి అడుగుతాం, "బాగా సంపాదిస్తాడు" అంటే తల ఊపి వస్తాం. ఆరు నెలల పే స్లిప్పులు అడగండి. ఇచ్చే ఉద్దేశం ఉన్నవాడు నొచ్చుకోడు, వీసాకు ఎటూ అవే ఇవ్వాలి కదా. అతను అంగవైకల్యపు భత్యం తీసుకునేవాడైతే లెక్క వేరు, 29,000 చూపనక్కరలేదు, సంసారం గడుస్తుందని చూపితే చాలు. సొంత వ్యాపారమైతే ఇంకా వేరు, పన్ను లెక్కలు ఏడాదివి కావాలి. అలాంటివాటికి ఊళ్లో ఏజెంటు మాట నమ్మకండి. ఆ దేశంలో రిజిస్టరైన సలహాదారులే ఈ సలహా ఇవ్వాలి, లేనివాళ్లు ఇస్తే అది నేరం.

మా చెల్లెలికి ఇంకా స్థిరనివాసం మెట్టు మిగిలే ఉంది. ఆమె భర్త ఆ హోటలు మాని, జీతమంతా స్లిప్పు మీద ఇచ్చేచోట చేరాడు. చేతికి వచ్చేది కొంచెం తక్కువే.

ఆమె దరఖాస్తు కాగితాల నకళ్లు, పేర్లు కొట్టివేసి, ఒక ఫైలులో తెచ్చాను. భోజనాలయ్యాక వెనక వరుసలో కూర్చుంటాను. చూడదలచినవారు కళ్లజోడు తెచ్చుకోండి, అక్షరాలు మరీ చిన్నవి. సెలవు.