సామాన్యునికి అందవలసిన సాధనము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



లెక్కలు వ్రాయువాడు కంప్యూటరును గూర్చి ప్రసంగించుట వింతగా తోచవచ్చును. కాని మన పుస్తకముల పట్టీని చేతితో వ్రాసినవాడను నేనే. దానిని కంప్యూటరులోనికి ఎక్కింపబూని చిక్కుపడినవాడనును నేనే.

న్యూజీలాండులోని హోరోఫెనువా ప్రాంత గ్రంథాలయములవారు 1999లో తమకొక సాఫ్టువేరు చేయించుకొని, 2000 జనవరిలో వాడుకలోనికి తెచ్చి, లోకమునకు ఉచితముగా విడిచిరి. దాని పేరు 'కోహా'. మావోరీ భాషలో కానుక అని అర్థము. దాని మూలరచనను ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. దీనినే ఓపెన్ సోర్సు అందురు.

అయితే ఇచ్చినంతమాత్రమున అందినట్లు కాదు. నేను మొదట ఆ తెర తెరచినప్పుడు ఒక్క పుస్తకమునకే లెక్కలేనన్ని గడులు కనబడెను. గ్రంథకర్తకు 100, గ్రంథనామమునకు 245 అని సంఖ్యలు! అంకెలతోనే బ్రతికిన నాకును తల తిరిగినది. పిదప ఒక కళాశాల విద్యార్థి వచ్చి, అక్కరలేని గడులను మరుగుపరచు ఏర్పాటు అందులోనే కలదని చూపెను. ఇప్పుడు మాకు నాలుగు గడులే కనబడును. చిక్కు సాధనములో లేదు. మనకొరకు కూర్చుండి విప్పువారు లేకపోవుటలో ఉన్నది.

వ్యాసభారతమునకు ఎవ్వరును తాళము వేయలేదు. అయినను నన్నయ, తిక్కన, ఎఱ్ఱనలు తెలిగించిన పిదపనే అది మన యింటి భాగ్యమయ్యెను. సులభము చేయుట యనగా అర్థమును కోసివేయుట కాదు, దారి చూపుట.

మన కొండలలో తెలుగు తెరయు అందరికి చాలదు. ఇంట కువి, ఆదివాసీ ఒడియా మాటలాడు పిల్లలు అనేకులు. ఈ తూర్పు కనుమలయందే గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల పలుకు నేర్చి, 1931లో ఆ భాషకు వ్యాకరణము ప్రకటించిరి. 1936లో మంగేయి గొమాంగో సవరకు లిపి కల్పించెను. 2012లో ఆ లిపికి యూనికోడులో చోటు దొరకెను. పూనిన కార్యము నెరవేరుననుటకు ఇవియే సాక్ష్యములు.

గత వేసవిలో పై గూడెమునుండి వచ్చిన ఒక బాలిక తెరయెదుట కొంతసేపు నిలిచి, ఏమియు అడుగక వెడలిపోయినది. ఆమె కోరిన పుస్తకమేదో నేటికిని తెలియదు. అది మన బీరువాలోనే యుండవచ్చును. ఆ తప్పు ఆమెది కాదు.

కావున నా మనవి మూడు మాటలు. పాఠకుల తెరపై పుస్తకము పేరు, రచయిత పేరు, ఉన్నదా లేదా అనునవి మాత్రమే యుండవలెను. తెర ప్రక్కన పిల్లల మాట తెలిసిన యువకుడో యువతియో వంతులవారీగా కూర్చుండవలెను. చేతివ్రాత పట్టీని ఇంకొక యేడు విడువరాదు.

కోహా యను మాటలో ప్రతికానుక భావమును కలదట. మనము సులభపరచినదానిని ఇతర పల్లెల గ్రంథాలయములకు పంచుటయే మన ప్రతికానుక. ఆ బాలిక మరల వచ్చునాటికి తెర సిద్ధముగా నుండవలెనని కోరుచు విరమించుచున్నాను.