మాట కూడా మందే

 

2020 మార్చి 15న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి గారు కరోనాకు పారాసిటమాల్, బ్లీచింగ్ పౌడర్ చాలన్నట్టు మాట్లాడారు. ధైర్యం చెప్పారని కొందరన్నారు, రోగాన్ని తేలిక చేశారని మరికొందరన్నారు. ఏప్రిల్ 1న రాష్ట్రంలోని 87 కేసుల్లో 70 ఢిల్లీ జమాత్‌కు సంబంధించినవని ప్రకటించారు. రోగం ఎలా పాకిందో వెతకడానికి ఆ లెక్క అవసరమే. కానీ జనం మనవైపు వేలెత్తి చూపారు. ఏప్రిల్ 4న, రోగానికి మతం లేదని, ఎవరిమీదా ముద్ర వేయొద్దని ఆయనే కోరారు. మంచి మాట. లెక్కతో పాటే చెప్పి ఉంటే ఇంకా మేలయ్యేది.

2021 మే 10 రాత్రి మన తిరుపతి రుయాలో ఆక్సిజన్ అందక రోగులు చనిపోయారు. అధికారులు 11 మంది అన్నారు, ప్రతిపక్షాలు ఇంకా ఎక్కువన్నాయి. చావుల లెక్కమీద నమ్మకం పోతే, రేపు టీకా వేసుకోమన్నా జనం నమ్మరు.

ఆ రోజుల్లోనే తిరుపతిలో ముస్లిం యువకులు, అయినవాళ్లే దగ్గరికి రాని శవాలను మోసి, ఎవరి మతాచారం ప్రకారం వారికి అంత్యక్రియలు చేశారు. ముద్రలను చెరిపింది ఆ సేవే.

పాలకులను మనం కోరేది ఇంతే: తెలిసింది దాచకండి, తెలియనిది తెలియదనండి. మనమూ వాట్సాప్‌లో వచ్చిన ప్రతి కబురునూ విచారించకుండా పంపవద్దు. కబురు వస్తే విచారించుకోమనే ఖురాన్ మనకు నేర్పింది.

అల్లాహ్ అందరినీ కాపాడుగాక. ఆమీన్.