చేతి డ్రిల్లు చాలనప్పుడు



మిక్సీ కొనేటప్పుడు ఏం చూడాలో, గ్రైండరు కొనేటప్పుడు కొట్టువాణ్ణి ఏం అడగాలో మనలో ఎవర్ని నిద్రలో లేపి అడిగినా చెప్పగలం. ఆ రెండింటికీ దగ్గర చుట్టమైన ఇంకో మిషను గురించి ఇవాళ ముచ్చటించుకుందాం. దాన్ని బెంచ్ డ్రిల్లింగ్ మిషను అంటారు. ఇదేదో మగవాళ్ల సంగతి, రేడియో కట్టేసి కూర తరుక్కుందాం అనుకోకండి. కూర తరుగుతూనే వినవచ్చు.

ఈ రోజుల్లో చాలా ఇళ్లలో ఒక మూల చిన్న వర్క్‌షాపు తయారవుతోంది. రిటైరయిన మామగారు కుర్చీలు బాగుచేస్తూంటారు. ఇంజనీరింగు చదివే అబ్బాయి ఏవో ఇనప ముక్కలు తెచ్చి బిగిస్తూంటాడు. ఇక ఆడవాళ్లే చెక్క బొమ్మలు, తాళాల బోర్డులు, కొబ్బరి చిప్పల సామాను చేసి అమ్ముతున్న ఇళ్లు నాకు తెలిసినవే నాలుగైదు వున్నాయి. ఈ పనులన్నిటికీ ముందు కావలసింది తిన్నని బెజ్జం. బెజ్జం వంకరయితే మేకు వంకర, మేకు వంకరయితే వస్తువే వంకర.

ముందు ఒక భ్రమ తీర్చుకోవాలి. గోడకి పటం తగిలించడానికి బెజ్జం వేసేది ఈ మిషను కాదు. దానికి సుత్తిలా కొడుతూ తిరిగే చేతి డ్రిల్లు వుంటుంది, అది వేరు. బెంచ్ మిషను కదలదు. వస్తువే దాని దగ్గరికి రావాలి. కింద బరువైన ఇనప పీట, దాని మీద నిలువుగా కంబం, కంబం మీద పైకీ కిందికీ జరిపి బిగించుకునే చిన్న బల్ల, అన్నిటికీ పైన తల. తలలో మోటారు, గిలకలు, బెల్టు. కింద బిట్టుని పట్టుకునే చక్. పక్కనున్న హ్యాండిలు తిప్పితే కుట్టుమిషను సూదిలా బిట్టు తిన్నగా దిగుతుంది. ఎంత లోతు దిగాలో ముందే మరబిగించి పెట్టుకోవచ్చు. నూరు ముక్కలకి బెజ్జం వేసినా నూరూ ఒకే లోతు వస్తాయి.

బెజ్జం వేయడం మనకి కొత్త విద్యేమీ కాదు. సింధు నాగరికత కాలంలో పూసలకి బెజ్జాలు వేసిన రాతి ములుకులు చన్హుదారో తవ్వకాల్లో దొరికాయి. కమాను తాడు చుట్టి బర్మా తిప్పే వడ్రంగిని మనలో కొందరైనా చిన్నప్పుడు చూసేవుంటారు. పిస్తోలులా పట్టుకుని మీట నొక్కే కరెంటు డ్రిల్లుకి అమెరికాలో బ్లాక్ అండ్ డెకర్ వారికి పేటెంటు వచ్చింది 1917లో. అంచేత ఆడవాళ్లకి ఇది అర్థంకాని యంత్రమని ఎవరైనా అంటే, నేను ఒప్పుకోను. కుట్టుమిషనులో దారం ఎక్కించగలిగిన చెయ్యి ఇదీ చేయగలదు.

మా వీధిలో ఒక చెల్లెలు కొబ్బరి చిప్పలతో గరిటెలు చేస్తుంది. చిప్పకి రెండు బెజ్జాలు, చెక్క కాడకి రెండు బెజ్జాలు, వాటిని కలిపి ఇత్తడి రివెట్లు. చేతి డ్రిల్లుతో వేస్తే చిప్ప గుండ్రం మీద బిట్టు జారిపోయేది. ఒక బెజ్జం కుదిరితే రెండోది కుదిరేది కాదు, బలవంతంగా రివెటు కొడితే చిప్ప పగిలేది. పదింట రెండో మూడో ఇలా పోతే ఇక మిగిలేదేముంది? ఆమెకి చీటీ డబ్బు చేతికి వచ్చింది. అందులో సగం పిల్లవాడి కాలేజీ ఫీజుకి. మిగిలిన 15,000 రూపాయల్లో మిషను కొనాలి. తప్పు మిషను కొంటే ఆ డబ్బు మళ్లీ కూడడానికి రెండేళ్లు పడుతుంది. తోడు రమ్మంటే వెళ్లాను. ఐ.టి.ఐ.లో ఫిట్టరు చదివి, జీవితమంతా ఫ్యాక్టరీలో చేసిన మా అన్నయ్యని వెంటబెట్టుకెళ్లాం. ఇప్పుడు నేను చెప్పబోయేదాంట్లో చాలామటుకు ఆయన ఆ రోజు చూపించిందే.

మొదటి కొట్టులో మమ్మల్ని చూసి, "సార్‌ని పంపించండమ్మా" అన్నారు. అన్నయ్య వైపు చూసే మాట్లాడారు. ఆమె మాత్రం తన గరిటె తీసి బల్ల మీద పెట్టి, "దీనికి బెజ్జం వేసి చూపించండి" అంది. వాళ్లు చూపించలేదు. మేము వచ్చేశాం. ఇది గుర్తుపెట్టుకోండి: మీరు చేసే వస్తువు ఒకటి సంచిలో పెట్టుకుని వెళ్లండి. కరెంటు పెట్టి నడిపి చూపించని మిషను ఎంత చవకైనా అక్కర్లేదు.

ఇక ధర దగ్గర ఒక మెలిక వుంది. మన దేశంలో ఈ మిషన్లు చాలావరకు రాజ్‌కోట్, లూథియానా వంటి ఊళ్లనుంచి వస్తాయి. ధర చెప్పేటప్పుడు మోటారు లేకుండా చెప్పడం ఈ వ్యాపారంలో మామూలే. ఎంత చవకో అని సంబరపడి బయానా ఇచ్చాక, మోటారు వేరే, బెల్టు వేరే, వైసు వేరే అంటారు. అడిగేటప్పుడే "మోటారుతో కలిపి ఎంత, స్విచ్చితో కలిపి ఎంత" అని అడగాలి. చీర ధరలో జాకెట్టు గుడ్డ వుందా లేదా అని అడగమూ, అలాగే.

మోటారు సంగతి. ఇంటి పనికి అర హార్స్‌పవరు చాలు. సింగిల్ ఫేజ్ కావాలి. ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే పాత మిషన్లు చూడబోతే వాటికి త్రీ ఫేజ్ మోటార్లు వుంటాయి, మన ఇంటి ప్లగ్గుకి అవి తిరగవు. మోటారు రేకు మీద 1440 అని వేగం రాసివుంటే అది ఫ్యాను జాతి మోటారు, ఇండక్షన్ మోటారు. నిదానంగా, సన్నగా హుమ్మంటూ తిరుగుతుంది. మిక్సీ జాతి మోటారుతో కూడా చిన్న మిషన్లు వస్తాయి. అవి తేలిక, చూడ్డానికి ముద్దుగా వుంటాయి, వేగం మార్చడానికి గుండీ వుంటుంది. కానీ మిక్సీలాగే గోల చేస్తాయి, వేగం తగ్గించామంటే బలమూ తగ్గుతుంది. అపార్టుమెంటులో వుండేవాళ్లు మధ్యాహ్నం కింది ఇంటివారి నిద్ర సంగతి ఆలోచించుకోవాలి. కరెంటు ఖర్చుకి భయపడనక్కర్లేదు. అర హార్స్‌పవరు మోటారు పూర్తి బరువు మీద గంటసేపు తిరిగినా ఒక యూనిట్ కాలదు.

బెల్టు, గిలకల మిషనులో వేగం మార్చాలంటే బెల్టుని ఒక మెట్టునుంచి ఇంకో మెట్టుకి మార్చాలి. నాలుగైదు మెట్లు వుంటాయి. ప్లగ్గు తీసి మార్చాలి సుమా. వేగం ఎందుకు మార్చాలంటే, సన్న బిట్టు వేగంగా తిరగాలి, లావు బిట్టు నెమ్మదిగా తిరగాలి. మామూలు ఇనుముకి 6 మిల్లీమీటర్ల బిట్టయితే నిమిషానికి 1300 చుట్లు, 12 మిల్లీమీటర్లకి అందులో సగం, 650. లావు రెట్టింపయితే వేగం సగం. చెక్కకి ఇంతకంటె ఎక్కువ వేగం పెట్టవచ్చు. పెద్ద చక్రం లాంటి రంపం బిట్టు పెట్టి చెక్కలో గుండ్రం కోయాలనుకునేవాళ్లు మాత్రం మిషను కనిష్ఠ వేగం 500 దాకా దిగుతుందో లేదో అడగాలి. దిగకపోతే చెక్క మాడిపోతుంది, వంటింట్లో పప్పు మాడిన వాసనే.

చక్ 13 మిల్లీమీటర్లది చాలు, అంటే అర అంగుళం. కంబానికీ చక్ నడిమికీ ఎడం ఎంతో టేపు పెట్టి కొలవండి. 4 అంగుళాలుంటే 8 అంగుళాల వెడల్పు పలకకి నడిమధ్యన బెజ్జం వేయగలరు. అంతకంటె వెడల్పు పలకలు చేసేవాళ్లు ఆ ఎడం చూసే కొనాలి, తరవాత పెంచడం మన చేతిలో లేదు.

ఇప్పుడు అన్నయ్య చేసిన పరీక్షలు. మొదటిది బరువు. పోత ఇనుము పెనానికీ రేకు పెనానికీ తేడా మనకి ఒకరు చెప్పాలా? వేలితో కొడితే తెలుస్తుంది. మిషనులోనూ అంతే. పీట, బల్ల, తల పోత ఇనుముతో చేసినవై బరువుగా వుండాలి. తేలికైన మిషను పని చేస్తూ వణుకుతుంది, వణికితే బెజ్జం పెద్దదవుతుంది.

రెండోది, ప్లగ్గు తీసేసి, చక్‌లో కొత్త తిన్నని బిట్టు బిగించి, చేత్తో నెమ్మదిగా తిప్పుతూ బిట్టు పక్కన పెన్సిలు మొన ఆనీ ఆనకుండా పట్టుకున్నారు. ఒక పక్క తగిలి ఇంకో పక్క ఎడం కనిపించిందంటే చక్ ఊగుతోందన్నమాట. మూడోది, హ్యాండిలు తిప్పి చక్‌ని పూర్తిగా కిందికి దించి, అటూ ఇటూ కదిపారు. పాలపన్నులా కదలకూడదు. నాలుగోది నాకు బాగా నచ్చింది. ఒక సైకిలు చువ్వని మూల వంచి చక్‌లో బిగించారు. చువ్వ కొన కింది బల్లని ఒక చోట తాకేలా దించి, చేత్తో చుట్టూ తిప్పారు. కొన నాలుగు పక్కలా ఒకేలా తాకితే బల్ల తిన్నగా వున్నట్టు. ఒక పక్క గీసుకుని ఇంకో పక్క తేలిపోయిందంటే వంకర. బల్ల వంచి బిగించే ఏర్పాటు వుంటే సరిచేసుకోవచ్చు, లేకపోతే ఆ మిషను వద్దు. రూపాయి ఖర్చులేని పరీక్ష. చువ్వ చూడగానే రెండో కొట్టు యజమాని మర్యాదగా మాట్లాడాడు.

లేజరు దీపం, అంకెలు కనపడే అద్దం లాంటి హంగులకి డబ్బు పోయొద్దని నా సలహా. ఆ డబ్బుతో వైసు కొనండి. వైసు అంటే వస్తువుని బిగించి పట్టే దవడ. అది లేకుండా ఈ మిషను ముట్టుకోకూడదు. సన్న రేకుని చేత్తో పట్టుకుని బెజ్జం వేస్తే, బిట్టు అవతలికి దిగే క్షణంలో రేకుని పట్టేసి గిర్రున తిప్పుతుంది, కత్తిపీట తిరిగినట్టే. వేళ్లు పోతాయి. పొడుగు చెక్కయితే దాని చివర కంబానికి ఎడమ పక్కన ఆనేలా పెట్టుకోండి, బిట్టు పట్టేసినా చెక్క కంబానికి ఆగిపోతుంది, మన మీదికి రాదు. చెక్క కింద ఇంకో పనికిరాని చెక్క పెడితే అడుగున పెచ్చులూడవు. కొబ్బరి చిప్పకి మా చెల్లెలు చెక్కలో దోసిలి లాంటి గుంట తొలిపించుకుంది, చిప్ప అందులో బోర్లా కూర్చుంటుంది.

మన విషయంలో ఇంకా కొన్ని వున్నాయి. చీర కొంగు నడుముకి చుట్టి దోపాలి, పైన ఏప్రను కట్టుకోవాలి. జడ ముడివేసుకోవాలి. గాజులు తీసి పక్కన పెట్టాలి, గొలుసూ నల్లపూసలూ జాకెట్టు లోపలికి. చేతికి తొడుగులు వేసుకుంటే మంచిదనుకుంటారు, ఈ మిషను దగ్గర అది ప్రమాదం, బిట్టు తొడుగుని పట్టుకుంటే చెయ్యి కూడా వెళ్తుంది. కళ్లకి అద్దాలు మాత్రం తప్పదు. చక్ బిగించిన తాళం తీశాకే స్విచ్చి వేయాలి.

స్విచ్చి అంటే గుర్తొచ్చింది. కరెంటు పోయిందనుకోండి, మనం వంటింట్లోకి వెళ్తాం, కరెంటు రాగానే మిషను దానంతటదే తిరగడం మొదలెడుతుంది. ఇంట్లో పసివాళ్లుంటే చెప్పాలా. బోరు మోటారుకి వుండే ఆకుపచ్చ, ఎర్ర బొత్తాల స్టార్టరు పెట్టిస్తే, కరెంటు వచ్చినా బొత్తాం నొక్కందే తిరగదు. ఎలక్ట్రీషియనుకి ఇది చిన్న పని. మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్తు సరిగ్గా వుందో లేదో కూడా అప్పుడే చూపించుకోండి.

పాత మిషను చవకగా వస్తుందంటే తప్పక చూడవచ్చు. సికింద్రాబాదు రాణీగంజ్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో తిరిగితే దొరకవచ్చు. మూతబడ్డ వర్క్‌షాపుల సామాను కొన్నిసార్లు కొత్తదానికంటె గట్టిగా వుంటుంది. పోతలో బీటలు, వెల్డింగు అతుకులు వుంటే వద్దు. కింది బల్ల నిండా బెజ్జాలు పడివుంటే దాన్ని వాడినవాళ్లకి శ్రద్ధ లేదన్నమాట.

నెలకి పదో పన్నెండో బెజ్జాలు, అదీ చెక్కలోనే వేసుకునేవాళ్లకి ఇంత మిషను దండగ. ఇంట్లో వున్న చేతి డ్రిల్లుని బిగించే స్టాండు దొరుకుతుంది, చాలా తక్కువ ధర. కాస్త వణుకుతుంది, అయినా వాళ్ల పనికి సరిపోతుంది.

మా చెల్లెలు మూడో కొట్టులో అర హార్స్‌పవరు మోటారుతో సాదా మిషను, ఒక వైసు తీసుకుంది. ఆటో చార్జీతో కలిపి 15,000 దాటలేదు. పై బరువుకి తూగి పడకుండా బల్లకి బోల్టులు వేయించింది. సముద్రం దగ్గర ఊళ్లవాళ్లు కంబానికీ బల్లకీ వారానికోసారి కుట్టుమిషను నూనె గుడ్డతో తుడవాలి, లేకపోతే ఒక్క వానాకాలానికే తుప్పు. కొత్త మిషను మీద కంపెనీవాళ్లు పూసిన గ్రీజు కిరసనాయిలుతో తుడిచేశాకే చక్ ఎక్కించాలి. చక్ లోపలి కోసు గుంట, అది ఎక్కే కడ్డీ, రెండూ పొడిగా శుభ్రంగా లేకపోతే పనిలో చక్ ఊడి కింద పడుతుంది. దవడలు లోపలికి ముడిచి, చెక్క సుత్తితో కిందినుంచి ఒక్క దెబ్బ వేస్తే కూర్చుంటుంది.