తప్పు కాచే కర్ర

(గిలకలదిండిలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకిచ్చిన అంశం "వృద్ధాప్యంలో ఆటలు, వ్యాయామం". నడక గురించీ, యోగాసనాల గురించీ నాకంటె బాగా చెప్పగల పెద్దలు ఈ సభలో ఉన్నారు. అందుచేత నేను ఒక ఆటను ఆధారం చేసుకుని ఒకే ఒక్క విషయం మనవి చేసుకుంటాను. ఆ ఆట పేరు గోల్ఫ్. బందరు గుమాస్తాకు గోల్ఫ్ ఎందుకయ్యా అని కొందరు నవ్వుకుంటున్నారు. నవ్వండి, తప్పులేదు. దొరల ఆట అని నేనూ అనుకునేవాణ్ణే.

మనకు దగ్గరలో ఈ ఆట చూడాలంటే విశాఖపట్నంలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బు ఉన్నది. హైదరాబాదులో గోల్కొండ నయాఖిల్లాలో ఇంకొకటి ఉన్నది. ఏనుగంత మొదలున్న పాత చెట్టు ఒకటి ఆ కోట ఆవరణలోనిదే. అయితే నేను ఈ ఆట దగ్గరగా చూసింది అమెరికాలో. మా అమ్మాయి, అల్లుడు అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో ఉంటారు. మనలో చాలామందిలాగే నేనూ ఆరేసి నెలలు అక్కడ ఉండి వచ్చాను. అక్కడ పపాగో అనే మైదానం నగరపాలక సంస్థ వారిది. రుసుము చెల్లించి ఎవరైనా ఆడవచ్చు. పక్కనే బంతులు కొట్టి సాధన చేసుకునే చోటు ఉంటుంది. మా అల్లుడు శనివారాలు వెళ్ళేవాడు. తోడుగా నేనూ వెళ్ళి బల్ల మీద కూర్చునేవాణ్ణి.

ముందుగా ఆట సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మన కర్రాబిళ్ళకు దూరపు చుట్టమనుకోండి. సుమారు 46 గ్రాముల బంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి, దూరాన ఉన్న గుంటలో వేయాలి. అలాంటివి 18 గుంటలు. ఎవరు తక్కువ దెబ్బల్లో పూర్తిచేస్తే వారిది గెలుపు. సంచీలో 14 కర్రలకు మించి ఉండకూడదని నిబంధన. వాటిలో ఇనుప తల ఉన్నవాటిని ఐరన్లు అంటారు, వాటికి నంబర్లుంటాయి. నంబరు పెరిగేకొద్దీ బంతి ఎత్తుగా లేచి, దగ్గరగా పడుతుంది.

పాతకాలపు ఐరన్ తల పలచని కత్తిలా ఉంటుంది. దాన్ని బ్లేడు అంటారు. బంతి సరిగా నడిమి చోట తగిలితే కొట్టినట్టే తెలియదు, హాయిగా పోతుంది. అర అంగుళం పక్కకు తగిలిందా, తల చేతిలో మెలి తిరుగుతుంది, బంతి సగం దూరంలో చతికిలపడుతుంది, చెయ్యి మోచేతి దాకా జివ్వుమంటుంది. ఆ కర్ర నిక్కచ్చి మనిషి, ఎవరి తప్పూ కాయదు.

దీనికి మందు కనిపెట్టినవారిలో ముఖ్యుడు కార్‌స్టన్ సోల్‌హైమ్. 1911లో నార్వేలో పుట్టి, పసితనంలోనే అమెరికా చేరాడు. తండ్రిలాగే చెప్పులు కుట్టాడు, తర్వాత జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఇంజనీరుగా కుదిరాడు. గోల్ఫ్ మొదలుపెట్టేసరికి ఆయనకు 42 ఏళ్ళు. గుంట దగ్గర బంతిని మెల్లగా దొర్లించే కర్ర ఆయన చేతిలో కుదురుగా నిలిచేది కాదట. నేర్పు లేదని సరిపెట్టుకోకుండా, తప్పు కర్రలో ఏమైనా ఉందా అని చూశాడు. పుల్ల ఐసు పుల్లలకు పంచదార బిళ్ళలు అతికించి నమూనా చేశాడని చెబుతారు. 1959లో తన ఇంటి గ్యారేజీలో కర్ర తయారుచేశాడు. బంతి తగిలితే "పింగ్" మని మోగింది, అదే కంపెనీ పేరయింది. ఆ కంపెనీ నేటికీ ఫీనిక్స్‌లోనే ఉన్నది. ఆయన 2000లో కాలం చేశారు.

ఆయన చేసిందేమిటి? తల నడుమ ఉన్న బరువు తీసి అంచులకు పంచాడు. ఇందులోని సూక్ష్మం మనకు కొత్తది కాదు. కావడి చూడండి. రెండు చివరలా నిండు బిందెలుంటే ఆ బద్దను భుజం మీద చటుక్కున గిర్రున తిప్పలేము. అంత బరువూ నడుమ మూటగా కడితే ఒక్క వేలితో తిప్పవచ్చు. తాడు మీద నడిచే పిల్ల చేతిలో పొడుగాటి గడ ఉండేదీ ఇందుకే. బరువు దూరంగా ఉంటే మెలికకు లొంగదు. దూలానికి ఒక చివర దెబ్బ తగిలినా త్వరగా తిరగదు, అంతే.

1960 దశకంలో ఐరన్లకూ ఈ పద్ధతి వచ్చింది. వెనుక గుంట తొలిచి ఆ లోహాన్ని అంచులకు చేర్చారు. 1982లో వచ్చిన పింగ్ ఐ-2 అనే రకం లోకమంతా అమ్ముడుపోయింది. ఆ కర్రల ముఖం మీది గీతల అంచుల గురించి ఆట సంఘానికీ కంపెనీకీ తగవు వచ్చి కోర్టుకెక్కింది, 1990లో రాజీ పడ్డారు. బరువు అంచులకు చేర్చడాన్ని మాత్రం నిబంధనలు ఏనాడూ తప్పు పట్టలేదు. ఇంకా అడుగుభాగం వెడల్పు చేశారు, కర్ర నేలలో దిగబడకుండా. బరువు కిందికి దించారు, బంతి తేలికగా లేవడానికి. వీటినే "ఫర్‌గివింగ్ ఐరన్లు" అంటారు. తప్పు కాచే కర్రలని నేను తెలుగు చేసుకున్నాను.

ఇప్పుడు ఇద్దరి అనుభవాలు చెబుతాను.

మొదటివారు హైదరాబాదులో బ్యాంకు ఆఫీసరుగా పనిచేసి రిటైరైన పెద్దమనిషి, 68 ఏళ్ళవారు. కొడుకు దగ్గరకు వచ్చి ఉన్నారు. నయాఖిల్లాలో ఆడిన అలవాటు. బ్లేడు కర్రలే వాడేవారు. మోచేతి నొప్పి పట్టుకుంది, ఆట మానేద్దామనుకుంటున్నారు. కొడుకు తప్పు కాచే రకం, తేలికైన గ్రాఫైటు కాడలవి కొనిపెడితే ముట్టుకోలేదు. "అవి ముసలాళ్ళ కర్రలండీ" అన్నారు నాతో. "మీరూ నేనూ పడుచువాళ్ళమా అండీ" అన్నాను. చివరకు పరీక్ష పెడదామన్నారు. లెక్క రాయడం నా వంతు. నలభై ఏళ్ళు రిజిస్టర్లు రాసిన చెయ్యి కదా, గళ్ళు గీసి కూర్చున్నాను. ఒక్కొక్క 7 నంబరు కర్రతో 20 బంతులు.

పాత కర్రతో 100 గజాల జెండా దాటనివి 7. కొత్తదానితో దాటనివి 2. బాగా తగిలిన బంతులు రెండింటితోనూ ఇంచుమించు ఒకచోటే పడ్డాయి. పాతదాని దెబ్బే చేతికి ఇంపుగా ఉందన్నారాయన, నేను అదీ రాశాను. కాని నాలుగో గడి చూడండి. కుడికి, ఎడమకు పక్కదారి పట్టిన బంతులు పాతదానితో 8, కొత్తదానితో 7. అంటే ఏమిటి? కొత్త కర్ర చెడ్డ దెబ్బను మరీ చెడిపోనివ్వలేదు. మంచి దెబ్బను అంతకంటె మంచి చెయ్యలేదు. గురి మాత్రం కొట్టేవాడిదే, అది ఏ కర్రా ఇవ్వదు. నలభై వరసల లెక్కలో నాకు తేలింది ఇది. ఆయన ఆ లెక్క రెండుసార్లు చదివి, పాత కర్రలు గోడకు తగిలించారు. మోచెయ్యి కుదుటపడింది, వారానికి రెండు రోజులు ఆడుతున్నారు.

రెండోది మా అల్లుడి అనుభవం. వయసు నలభై. ఆరంభంలోనే తప్పు కాచే కర్రలు కొన్నాడు. బంతి ఎలా తగిలినా కొంత దూరం పోతోంది, తన ఆట కుదిరిందనుకున్నాడు. ఏడాది గడిచినా లెక్కలో ఒక్క దెబ్బ తగ్గలేదు. అక్కడి శిక్షకుడొకడు కర్ర ముఖం మీద పౌడరు చల్లి కొట్టమన్నాడు. బంతి తగిలిన చోట మచ్చ పడుతుంది. పది బంతులకు పది మచ్చలూ తల చివరనే! బ్లేడు అయితే మొదటి రోజే చెయ్యి జివ్వుమని చెప్పేది. ఇది కాచింది, కాచి చెప్పలేదు. బంతికి కాస్త దగ్గరగా నిలబడడం నేర్చుకున్నాడు, నెలలో మచ్చలు నడుమకు వచ్చాయి. పౌడరు డబ్బా ఇప్పటికీ సంచీలో ఉంటుంది.

ఇంకొక చిన్న కిటుకు కూడా చెప్పాలి. పాతకాలపు 7 నంబరు కర్ర ముఖం 35 డిగ్రీల పైచిలుకు వాలుతో ఉండేది. నేటి తప్పు కాచే రకాలు కొన్నింటిలో 30కి దిగువన ఉంటున్నది. నంబరు 7 అని ఉంటుంది, పని పాత 5, 6 నంబర్లది. "నా 7 నంబరు ఎంత దూరం పోతోందో" అని మురిసిపోతారు. మూలవేతనంలో డి.ఎ. కలిపి కొత్త స్కేలు ఇచ్చినప్పుడు మన ఇళ్ళలో మురిసిపోలేదా? అంకె పెరిగింది గాని బియ్యం బస్తాలు పెరగలేదు కదా. కాబట్టి అంకె చూసి కొనవద్దు, వాలు అడిగి కొనండి.

ఈ కర్రలు చేతకానివారికేనా అంటే కాదు. పోటీ ఆటగాళ్ళలో కూడా కొందరు, కొట్టడం కష్టమైన 3, 4 నంబర్ల దగ్గర తప్పు కాచే రకం పెట్టుకుని, మిగిలినవి పలచని రకం వాడుతారు. మన తెలుగు బిడ్డ సాహిత్ తీగల పేరు వినే ఉంటారు. తల్లిదండ్రులు హైదరాబాదు నుంచి వెళ్ళినవారు, కాలిఫోర్నియాలో పెరిగాడు. చిన్నతనంలో వెన్నెముక వంకర ఉన్నట్టు తేలినా ఆట విడవలేదు. 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. అప్పుడు ఆయన చేతిలో ఉన్నవి పింగ్ కంపెనీ కర్రలే. సరిగాలేని వెన్నుతో అంత ఎత్తుకు పోయిన కుర్రవాణ్ణి చూస్తే, ఒంటికి తగ్గట్టు ఆటను మలుచుకోవడం చిన్నతనమేమీ కాదని తెలుస్తుంది.

మిత్రులారా, ఇంతసేపూ ఇనుప కర్రల గురించి చెప్పాను. ఇక మన కర్రల సంగతి.

ఈ హాలులో వెనుక వరసలో కొన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నిరుటి సమావేశానికి వచ్చినవారిలో కొందరు ఈసారి రాలేదు. కాలు కదలక రానివారు సరే. చేతికర్ర పట్టుకుంటే ముసలివాడినని ఒప్పుకున్నట్టవుతుందని ఇల్లు కదలనివారు నాకు తెలుసు. చెవి మిషను కొడుకు కొనిస్తే బీరువాలో పెట్టి, ఎవరేమన్నా తల ఊపుతూ, మెల్లగా మాటలే మానుకున్నవారు తెలుసు. స్నానాల గదిలో గోడకు పిడి బిగిస్తానంటే "నాకెందుకురా" అన్నవారూ తెలుసు. వీరందరూ ఆ బ్యాంకు ఆఫీసరు గారిలా బ్లేడు పట్టుకుని మొండికేస్తున్నారు. మన వయసులో తప్పటడుగు అర అంగుళమే, శిక్ష మాత్రం తుంటి ఎముక. అంత నిక్కచ్చి మనకు వద్దండీ.

ఈ గిలకలదిండి రేవులోనే చూడండి. ఫైబరు పడవలు, ఇంజన్లు, దారి చూపే జి.పి.ఎస్. వచ్చాయి. వాటిని వాడుతున్నందుకు ఏ మత్స్యకారుడూ సిగ్గుపడడు. అలాగని గాలి వాలు, ఆటుపోట్లు చూడకుండా మొగ దాటడు. ఈ రెండో మాట కూడా మనం పట్టుకోవాలి.

ఎందుకంటే తప్పు కాచేది తప్పును దాచగలదు కూడా. షుగరు మాత్ర వేసుకున్నాం కదా అని బందరు లడ్డు రెండు తింటాం. బి.పి. మాత్ర ఉన్నది కదా అని ఆవకాయ కలుపుతాం. మాత్ర కొంత కాస్తుంది, మనకు ఏమీ తెలియదు. మా అల్లుడి ఏడాది లాంటిదే అది. అందుకని పౌడరు డబ్బా కావాలి. మనకు ఆ డబ్బా ఏమిటంటే, ఇంట్లో గ్లూకోమీటరు, బి.పి. మిషను, పక్కన ఒక చిన్న పుస్తకం. తేదీ, వేళ, అంకె, మూడు గళ్ళు చాలు. గళ్ళు నింపడం మనకెవరూ నేర్పనక్కరలేదు. ఆ పుస్తకం డాక్టరు గారికి చూపించండి, ఇంట్లో ఆడవారికీ చూపించండి. వారి లెక్క కూడా రాయండి, వారి సంగతి మనం తరచు మరచిపోతాం.

పిల్లల దగ్గరకు విదేశాలకు వెళ్ళేవారికి ఒక సలహా. కిటికీ దగ్గర కూర్చుని రోజులు లెక్కపెట్టకండి. ఊరి మైదానానికి వెళ్ళండి. కర్రలు అద్దెకిస్తారు. నడుమునొప్పి ఉంటే ముందు డాక్టరును అడగండి. అడిగి తీసుకునేటప్పుడు తేలిక కాడ, వెడల్పు అడుగు, వెనుక గుంట ఉన్న రకం అడగండి, మొహమాటపడవద్దు.

చివరిగా కార్యవర్గం వారికి ఒక మనవి. నెలవారీ సమావేశాలకు చేతికర్రతో వచ్చేవారి కోసం ముందు వరసలో కుర్చీలు కేటాయించి, మెట్ల పక్కన పట్టుకోవడానికి ఒక గొట్టం బిగించవలసిందిగా కోరుతున్నాను. ఖర్చులో నా వంతు వెయ్యి రూపాయలు ఇప్పుడే కోశాధికారి గారికి అందజేస్తున్నాను. రాని మిత్రుల ఇళ్ళకు ఈ వారంలో మనలో ఇద్దరేసి వెళ్ళి పిలుచుకు వద్దాం.