ఊరి పేరే నేరమా?



కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లను మనం ముందు పేరు అడుగుతాం, ఆ వెంటనే ఊరు అడుగుతాం. "మా మేనత్తగారిదీ ఆ ఊరేనండీ" అని చుట్టరికాలు కలుపుకుంటాం. కాని బాపట్లకూ చీరాలకూ మధ్యనున్న స్టూవర్టుపురం వారికి ఆ ప్రశ్న దగ్గరే గొంతు తడారిపోతుంది. ఊరి పేరు వినగానే ఎదుటివారి చూపు మారుతుంది. చెయ్యి గల్లాపెట్టె తాళం తడుముకుంటుంది.

ఈ అపవాదు ఎలా వచ్చింది? ఎరుకలవారు ఒకప్పుడు ఉప్పు మోసుకుపోయి లోపలి ఊళ్లలో ధాన్యానికి మారుబేరం చేసేవారు. రైళ్లూ, తెల్లదొరల ఉప్పు విధానమూ వచ్చి ఆ బేరం కాస్తా పోయింది. 1871లో చేసిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. మనిషి ఏం చేశాడని కాదు, ఏ కులంలో పుట్టాడని చూసే చట్టం అది! 1913లో సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యాన ఇక్కడ సెటిల్‌మెంటు పెట్టి, హెరాల్డ్ స్టూవర్టు అనే దొర పేరు తగిలించారు. వేలిముద్రలు, హాజరు, పొలిమేర దాటాలంటే చీటీ. అక్కడినుంచే చీరాల ఐ.ఎల్.టి.డి. పొగాకు ఫ్యాక్టరీకి కూలీలు వెళ్లేవారు. దొంగలని ముద్ర వేసినవారి చేతనే చాకిరీ చేయించుకున్నారన్నమాట!

1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. కాని చట్టం పోయినంత సులువుగా మనసులోని మాట పోతుందా? అమెరికాలో ఉద్యోగాల్లో నల్లవారిపట్ల వివక్ష చూపరాదని 1964లో చట్టం వచ్చింది. అయినా పనిచేసేచోట అనుమానపు చూపులు అక్కడా ఆగలేదు. అక్కడ ఒంటి రంగు, ఇక్కడ ఊరి పేరు.

ఆ ఊళ్లో దొంగలే లేరా అంటారేమో. ఉండేవారు. మన ఊళ్లో మాత్రం లేరా? వాళ్ల తప్పు మన మెడకు చుడితే ఊరుకుంటామా? అక్కడివారిని మార్పు బాట పట్టించడానికి జాషువా కవిగారి కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త లవణం ఏళ్ల తరబడి పాటుపడ్డారు. మారిన మనిషికి పనిచ్చే బాధ్యత మరి ఎవరిది?

ఆఫీసులో నగదు లెక్క కుదరలేదనుకోండి. అందరి చూపులూ ఒక్కరిమీదికే పోతాయి. తీరా లెక్క దొరికాక "ఏమనుకోకయ్యా" అన్న మాటైనా ఉండదు. ఇరవై ఏళ్లు నిజాయితీగా చేసినవాడు కూడా రోజూ కొత్తగా రుజువు చూపాలి. అందుకని "మాది బాపట్ల" అని చెప్పి ఊరుకుంటే, ఆ దాపరికం తప్పు ఆయనదా, అడిగినవారిదా?

పుట్టుకను బట్టి కొన్ని జాతులను నేరస్థులుగా చూడటం రాజ్యాంగానికి విరుద్ధమని 2024 అక్టోబరులో జైలు నిబంధనల కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మన ఇళ్లకూ, ఆఫీసులకూ అదే న్యాయం కదా! వస్తువు పోయి సంచులు వెతకవలసి వస్తే అందరివీ వెతకాలి, మన సంచితో సహా. ఎరుకలసానిని అరుగుమీద కూర్చోబెట్టి సోది చెప్పించుకున్నాం, ఆమె అల్లిన బుట్టలు కొన్నాం. ఆమె మనవరాలు చదువుకుని మన పక్క కుర్చీలోకి వస్తే తాళాలు తడుముకోవడం ఏం మర్యాద?

ఇంకొక్క మాట. అల్లరి పిల్లవాణ్ణి "స్టూవర్టుపురం దొంగా" అని తిట్టడం మానేద్దాం. ఆ మాట విని పెరిగినవాడే రేపు ఆఫీసరవుతాడు.