మా మనవడి చదువు – నా రిజిస్టరు
(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల సంగతి కార్యదర్శిగారు చెప్పవలసినంతా చెప్పారు. నేను చెప్పబోయేది ఏ జీ.వో.కీ సంబంధించినది కాదు. ఇంట్లో పిల్లవాడికి ఎంత చెప్పినా చదవడం పట్టుబడకపోతే పెద్దవాళ్ళం ఏం చేయాలన్నది. నేను ఉపాధ్యాయుణ్ణి కాను, వైద్యుణ్ణీ కాను. ముప్ఫై నాలుగేళ్ళు సబ్ ట్రెజరీల్లో బిల్లులు సరిచూసిన గుమాస్తాను. ఆ అనుభవంతోనే నాలుగు మాటలు మనవి చేస్తాను.

మా అబ్బాయి కొడుకు మూడో తరగతిలోకి వచ్చాడు. మాట చురుకు. ఒకసారి చెప్పిన కథ మర్నాడు పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు. కిరాణా కొట్టుకు పంపితే చిల్లర లెక్క తప్పేవాడు కాదు. కానీ పుస్తకం తీయమంటే కడుపునొప్పి, దాహం, ఏదో ఒకటి. బడి నుంచి వచ్చిన ప్రోగ్రెస్ కార్డులో ఎర్రసిరాతో ‘అశ్రద్ధ’ అని రాసి ఉంది. మన సర్వీసులో ఆ మాటకు విలువెంతో మీకు తెలుసు. మెమో ఇవ్వాలంటే ముందు రాసేది అదే.

ఖాళీగా ఉన్న తాతకు మనవడి చదువు చేతికి దొరికింది. ఇంక చూసుకోండి! రోజూ రెండు గంటలు ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. నిన్న చదివిన మాటే ఇవాళ కొత్తగా చూసేవాడు. ఒకరోజు విసుగెత్తి చెయ్యి ఎత్తాను. సరిగ్గా అప్పుడే మా అబ్బాయి దుకాణం కట్టేసి ఇంటికి వచ్చాడు. వాడికి మోటారు వైండింగ్ షాపు ఉంది. పదో తరగతి తప్పి చదువు మానేశాడు. వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

“వద్దు నాన్నగారూ. నాకూ ఇంతే. ఇప్పటికీ బ్యాంకు కాగితం వస్తే మీ కోడలి చేతికే ఇస్తాను,” అన్నాడు.

నలభై ఏళ్ళు దాటిన కొడుకు. ఆ మాట నాకు అంతవరకు తెలియదు. వాడి చిన్నప్పుడు నేను వాడిన బెత్తం సంగతి వాడు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. క్షమించమనే మాట మన తరం తండ్రుల నోటికి రాదు. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మర్నాడు కోడలు, “మామయ్యగారూ, ఒకసారి డాక్టరుకు చూపిద్దాం” అంది. ముందు కళ్ళు, తర్వాత చెవులు పరీక్ష చేయించాం. ఇది చాలామంది మరిచిపోతారు. చూపు, వినికిడి బాగున్నాయని తేలాక తక్కిన మాట. తర్వాత జిల్లా ఆసుపత్రికి వెళ్ళాం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో డి.ఇ.ఐ.సి. అనే కేంద్రాలు పెట్టారు. పుట్టిన బిడ్డ నుంచి పద్దెనిమిదేళ్ళ వరకు చూసే ఆ పథకంలో చదువులో వచ్చే ఇబ్బంది కూడా ఉంది. అక్కడి సైకాలజిస్టు రెండు పూటలు వాడితో కూర్చుని, తెలివికి లోటు లేదనీ, వినే ధ్వనిని చూసే అక్షరంతో జత చేయడంలోనే చిక్కనీ చెప్పారు. దాన్ని డిస్లెక్సియా అంటారట. ఇది కుటుంబాల్లో వస్తూంటుందని కూడా ఆవిడ అన్నారు. మా అబ్బాయి తల వంచుకున్నాడు.

2007లో అమీర్ ఖాన్ తీసిన ‘తారే జమీన్ పర్’ చూసి కళ్ళు తుడుచుకున్నవాణ్ణే నేను. తెర మీద కనపడింది నా ఇంట్లో కనపడలేదు. ఇది నిన్న మొన్న కనిపెట్టిన జబ్బు కాదు. 1896లోనే ప్రింగిల్ మోర్గాన్ అనే ఇంగ్లీషు వైద్యుడు, లెక్కలు బాగా చేస్తూ మాటలు మాత్రం చదవలేని పద్నాలుగేళ్ళ బాలుని గురించి వైద్య పత్రికలో రాశాడు.

ఇక అసలు విషయం. ఇంటికి వచ్చాక నేను చేసిన మొదటి పని ఒక రిజిస్టరు తెరవడం. తేదీ, ఎన్ని నిమిషాలు, ఏ మాట దగ్గర ఆగాడు, దాన్ని ఏమని చదివాడు. అంతే. తిట్లు రాయడానికి కాలమ్ పెట్టలేదు.

మన ట్రెజరీ మిత్రులకు గుర్తుండే ఉంటుంది. సాయంత్రం లెక్క కుదరకపోతే తేడాను తొమ్మిదితో భాగించి చూసేవాళ్ళం. నిశ్శేషంగా పోతే, 54ను 45 అని వేసినట్టు, ఎక్కడో అంకెలు తారుమారయ్యాయేమోనని వెతికేవాళ్ళం. తప్పు తన ఆనవాలు తనే చూపేది. నెల తిరిగాక రిజిస్టరు తిరగేస్తే మా వాడి తప్పులూ అలాగే కనిపించాయి. అశ్రద్ధ అయితే తప్పు రోజుకో చోట దొర్లుతుంది. వీడివి తిరిగి తిరిగి అవే చోట్ల ఉన్నాయి. మ, య ఒక చోటు. ప, ష, స ఇంకో చోటు. అన్నిటికంటె ఎక్కువగా, వత్తు ఉన్న మాటలు.

‘శక్తి’ని ‘శకిత’ అని చదివేవాడు. మొదట నవ్వాను. తర్వాత కాగితం మీద రాసి చూశాను. గుడి ఉన్నది ‘క’ మీద. పలికేటప్పుడు ఆ ‘ఇ’ వచ్చేది కింద ఉన్న ‘త’ తర్వాత. కంటికి కనపడిన వరుసలో చదివితే ‘శకిత’ అనే రావాలి! ‘మిత్రుడు’ వాడి నోట ‘మితురడు’. కొమ్ము ‘త’కు తగిలించాం, పలికేది ‘ర’ తర్వాత. డెబ్భై ఏళ్ళుగా తెలుగు చదువుతున్నాను. మన లిపిలో ఇంత మెలిక ఉందని వాడు చెబితేగాని తెలియలేదు.

అక్కడి నుంచి పద్ధతి మార్చాం. రెండు గంటలు కాదు, రోజుకు ఇరవై నిమిషాలు. దీపాలు పెట్టే వేళ, భోజనానికి ముందు. మొదటి ఐదు నిమిషాలు పుస్తకం లేదు, చెవితో ఆట. “కమలలో ‘క’ తీసేస్తే ఏమిటి?” “మల.” “పలకలో ‘ప’ తీసేస్తే?” మొదట్లో దానికే తడబడేవాడు. మాట ముక్కలుగా వినపడటం మొదలయ్యాకే అక్షరాల దగ్గరకు వెళ్ళాం.

పోలిక ఉన్న అక్షరాలను ఒకే వారంలో చెప్పడం మానేశాం. ‘మ’ బాగా కుదిరాకే ‘య’. చాటలో బియ్యం పోసి, వేలితో దిద్దుతూ పైకి అనమన్నాం. సైకాలజిస్టుగారు ఈ మాట చెప్పినప్పుడు నాకు మా వీధిబడి గుర్తొచ్చింది. అక్కడా ఇసుకలో దిద్దిస్తూ పైకి అనిపించేవారు. అయితే బెత్తం కూడా అక్కడిదేనండోయ్, అది మాత్రం మనం తెచ్చుకోనక్కరలేదు.

వత్తుల మాటలకు అట్టముక్కలు కోశాం. ఒకదాని మీద ‘శక్’, ఇంకోదాని మీద ‘తి’. రెండూ పక్కపక్కన పెట్టి చదివాక, కలిపి రాసిన ‘శక్తి’ చూపేవాళ్ళం. వారానికి నాలుగైదు మాటలు మించలేదు. పుస్తకంలో వరుసలు కలిసిపోతున్నాయంటే, బ్యాంకు నుంచి వచ్చే కిటికీ కవరు కత్తిరించి ఒక్క వరుసే కనపడేటట్టు చేసి ఇచ్చాను. నా దగ్గర పాత చందమామల బైండు ఉంది. పత్రిక ఆగిపోయి ఏళ్ళయినా ఆ కథలకు పదును తగ్గలేదు. ఒక వరుస నేను చదువుతాను, అదే వరుస ఇద్దరం కలిసి చదువుతాం, తర్వాత వాడొక్కడే. ఎక్కడైనా ఆగితే మనసులో ఐదు లెక్కపెడతాను. అప్పటికీ రాకపోతే మాట అందిస్తాను, ముందుకు పోతాం.

ఆ ఐదు లెక్కపెట్టడమే నాకు అన్నిటికంటె కష్టమైన పని.

అన్నీ సవ్యంగా జరిగాయనుకోవద్దు. నాలుగో నెలలో కాస్త బాగుపడ్డాడని సంబరపడి, చుట్టాలు వచ్చినప్పుడు నలుగురిలో చదవమన్నాను. రెండో వరుసలో ఆగిపోయాడు. వచ్చినావిడ పక్కున నవ్వింది. వాడు పుస్తకం అక్కడే పడేసి మేడ మీద నీళ్ళ ట్యాంకు వెనక దాక్కున్నాడు. రిజిస్టరులో పదకొండు రోజులు ఖాళీ. ఆ ఖాళీ నా ఖాతాలోదే.

మా వాడిది ఇంగ్లీషు మీడియం. అందులో పి-యు-టి ‘పుట్’, బి-యు-టి ‘బట్’. అందుచేత ఇంట్లో ముందు తెలుగే పట్టుకున్నాం. రాసిన అక్షరానికీ పలికే ధ్వనికీ మనకు పొత్తు ఎక్కువ. ధైర్యం చిక్కాక ఇంగ్లీషు మొదలుపెట్టాం. అది ఇంకా నెమ్మదిగానే నడుస్తోంది.

కాగితాల పని గురించి కూడా చెప్పాలి, అది మనవంటి వాళ్ళు చేయగల సాయం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాలలో ఈ అభ్యసన వైకల్యం కూడా ఒకటి. సర్టిఫికెట్టు ఉంటే పరీక్షలో అదనపు సమయం, అవసరమైతే రాసిపెట్టే మనిషి వంటి సౌకర్యాలు అడగవచ్చు. బోర్డును బట్టి నియమాలు వేరుగా ఉంటాయి, విచారించుకోవాలి. ‘వైకల్యం’ అన్న మాటకు జడిసి చాలామంది తల్లిదండ్రులు దరఖాస్తే పెట్టరు. మా కోడలూ వారం రోజులు ఏడ్చింది. ఫారం నింపడం, జిరాక్సులు తీయించడం, కౌంటరు దగ్గర నిలబడటం మనకు కొత్త కాదు గనుక ఆ పని నేను చేశాను. ప్రోగ్రెస్ కార్డు కాకుండా నా రిజిస్టరు పట్టుకుని టీచరుగారి దగ్గరకు కూడా వెళ్ళాను. ఆవిడ కాసేపు తిరగేసి, “ఇలా ఎవరూ తెచ్చి చూపించలేదండీ” అన్నారు. తరగతిలో అందరి ముందూ వాడిచేత చదివించడం మానేశారు. ఎర్రసిరా ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తోంది, కానీ ‘అశ్రద్ధ’ అని రాయడం లేదు.

ఇప్పుడు వాడు ఆరో తరగతి. తోటివాళ్ళంత వేగంగా చదవడు. పేజీకి వాళ్ళ కంటె రెట్టింపు సమయం పడుతుంది. కడుపునొప్పి మాత్రం పోయింది. ఈ మధ్య మా అబ్బాయి కూడా దుకాణం కట్టేసి వచ్చి మా పక్కన కూర్చుంటున్నాడు. ముందు వినడానికని కూర్చున్నాడు. ఇప్పుడు మేము ఇద్దరం కలిసి చదివే వరుసలో మూడో గొంతు కూడా వినిపిస్తోంది. నేను తల ఎత్తి చూడను.

ఈ సమావేశం ఆహ్వానపత్రం మా మనవడే నాకు చదివి వినిపించాడు. ‘విశ్రాంత’ దగ్గర ఆగాడు. నేను నాలుగు లెక్కపెట్టేసరికి చదివేశాడు. “అంటే ఏమిటి తాతయ్యా?” అని అడిగితే, “పని లేనివాళ్ళు” అన్నాను. “మరి నువ్వెందుకు వెళ్తున్నావు?” అన్నాడు.

మీ ఇళ్ళల్లో ఇటువంటి పిల్లలు ఉంటే, భోజనాల తర్వాత నేను వెనక వరుసలో ఫ్యాను కింద కూర్చుంటాను, వచ్చి మాట్లాడండి. ఈసారి కలిసినప్పుడు ప్రోగ్రెస్ కార్డు తేవద్దు. పిల్లవాడు తప్పులు రాసిన నోటుపుస్తకం తీసుకురండి.